ఉమెన్ స్టడీస్ చదివారా? కొలువు పేరు కన్నా ముందు పనిని వెతకండి

‘ఉమెన్ స్టడీస్ చదివినవారు కావలెను’ అన్న ప్రకటన పేపర్లో కనిపించడం అరుదు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఈ సబ్జెక్టు చదివి బయటికొచ్చినవాళ్లు మొదట తికమకపడేది ఇందుకే. ఈ చదువు చేతికిచ్చిన పనితనం ఏమిటో తేల్చుకుంటే దారి దొరుకుతుంది.

ఒక సర్వే తీసుకోండి. పల్లెలో ఒకామెను “మీరేం పని చేస్తారమ్మా?” అని అడిగితే, “ఏముందండీ, ఇంట్లోనే ఉంటా” అంటుంది. ఫారంలో ‘గృహిణి’ అని పడిపోతుంది. “పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారు?” అని అడగండి. పాలు పితకడం, గడ్డి కోయడం, సొంత చేలో కలుపు తీయడం ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే రోజులో ఏ పనికి ఎంతసేపు పట్టిందని అడిగింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ప్రశ్న సరిగ్గా వేయడం, చెప్పనిదాన్ని వినడం, దాన్ని లెక్కలోకి తేవడం: మీకు జీతమిచ్చేది ఈ మూడింటికే.

ఎక్కడ పనికొస్తుంది?

కంపెనీలు: పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సిబ్బందికి అవగాహన తరగతులు పెట్టాలి, ఏటా నివేదిక ఇవ్వాలి. కమిటీలో బయటి సభ్యులుగా అనుభవజ్ఞులనే తీసుకుంటారు కాబట్టి, కొత్తవాళ్లు శిక్షణ సంస్థల్లోనో హెచ్ఆర్ విభాగంలోనో మొదలుపెట్టడం మేలు.

ప్రభుత్వ పథకాలు: పొదుపు సంఘాలతో నడిచే సెర్ప్, మెప్మా, బాధిత మహిళలకు అండగా ఉండే సఖి కేంద్రాల్లో ఈ చదువుకు నేరుగా పని ఉంది. కానీ నోటిఫికేషన్‌లో ఎంఎస్‌డబ్ల్యూ, లా, సైకాలజీ అని మాత్రమే ఉంటే మీ దరఖాస్తు పక్కన పడొచ్చు. ‘సోషల్ సైన్సెస్’ అని ఉందా, మీ డిగ్రీని అందులో లెక్కిస్తారా అన్నది ముందే రాతపూర్వకంగా అడగండి.

న్యాయరంగం: తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేస్తే 2005 గృహహింస చట్టం కేసులు, భరణం, ఆస్తి వాటాల్లో మీ చూపు పదునుగా ఉంటుంది.

బోధన: యూజీసీ నెట్‌లో ఉమెన్ స్టడీస్ ఒక సబ్జెక్టు. అయితే శాఖలు తక్కువ కాబట్టి ఖాళీలూ తక్కువే. ఈ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

జతగా ఒక నైపుణ్యం

చదువుతుండగానే ఇంకొకటి నేర్చుకోండి. ఎక్సెల్‌లో లెక్కలు, ఇంటర్వ్యూ ఎత్తిరాయడం, తెలుగు నుంచి ఇంగ్లిషుకు నివేదిక రాయడం, బడ్జెట్ చదవడం... ఏదైనా ఒకటి బాగా రావాలి. బయోడేటాలో ‘జెండర్ అవగాహన ఉంది’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ఏ ఊళ్లో, ఎంతమందితో మాట్లాడారో, ఏం తేల్చారో రెండు వాక్యాల్లో రాయండి. ప్రాజెక్టు నివేదిక కాపీ వెంట తీసుకెళ్లండి.

స్వచ్ఛంద సంస్థల్లో చాలా పోస్టులు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. చేరేముందు నిధులు ఎప్పటివరకు ఉన్నాయి, పీఎఫ్ ఉందా, గ్రామాలకు తిరిగే ఖర్చు ఎవరు భరిస్తారు అని మొహమాటపడకుండా అడగండి. ఆడవాళ్ల శ్రమకు విలువ కట్టాలని చదువుకున్నవాళ్లు ముందు తమ శ్రమకు విలువ అడగాలి.