కడుపు శస్త్రచికిత్స పిమ్మట మలబద్ధము, ఉబ్బరము: ఇంటివారు నేర్వవలసిన పాఠము



ఈ పత్రికలో మనము సాధారణముగా చెరకు, వేరుశెనగ, మామిడి తోటల సంగతులను చదువుకొనుచుందుము. ఈ మాసము సేద్యము చేయు మనిషి దేహమును గూర్చి యొక పాఠము. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైన పిమ్మట అనేక శస్త్రచికిత్సలు పేద కుటుంబములకు అందుబాటులోనికి వచ్చినవి. హెర్నియాకును, అపెండిసైటిసుకును, పిత్తాశయపు రాళ్లకును, గర్భసంచి వ్యాధులకును, సిజేరియన్ కాన్పునకును మనవారు చిత్తూరు, తిరుపతి, వేలూరు పోవుచున్నారు. శస్త్రము వైద్యుని పని. ఇంటికి వచ్చిన పిదప జరుగవలసిన సంరక్షణ మాత్రము మన పని. ఆ సంరక్షణలో తరచుగా తప్పిపోవునది కడుపు సంగతియే.

ప్రేగు ఏల నిద్రించును?

ప్రేగులు తమంతట తామే అలలవలె ముడుచుకొనుచు, విప్పుకొనుచు ఆహారమును ముందునకు త్రోయును. కడుపు కోసి ప్రేగులను తాకినపుడు ఈ చలనము కొంతకాలము ఆగును. మత్తుమందును, మార్ఫిను, ట్రమడాలు వంటి బలమైన నొప్పి మందులును దానిని మరింత మందగింపజేయును. పడకపై కదలక యుండుట, నీరు తగ్గుట, రక్తహీనతకిచ్చు ఇనుము మాత్రలు, ఇవన్నియు మలమును గట్టిపరచును.

సామాన్యముగా చిన్నప్రేగు ఒక దినములోపల మేల్కొనును. జీర్ణాశయమునకు ఒకటి రెండు దినములును, పెద్దప్రేగునకు రెండు మూడు దినములును పట్టును. కావున మొదట అపానవాయువు పోవుటయు, పిదప విరేచనమగుటయు సహజ క్రమము. మొదటి రెండు దినములు విరేచనము కాలేదని భయపడ పనిలేదు. చిన్న రంధ్రముల ద్వారా శస్త్రము చేసినచో, కడుపులో నింపిన బొగ్గుపులుసు వాయువు కొంత మిగిలి, భుజమున నొప్పి పుట్టించును. అదియు కొలది దినములలో తగ్గును.

పథ్యము పేరిట జరుగు హాని

నీరు త్రాగిన పుండు మానదనియు, పప్పు తినిన చీము పట్టుననియు, లేచి తిరిగిన కుట్లు తెగుననియు మన పల్లెలలో చెప్పుదురు. అందుచేత రోగికి ఎండు అన్నము, మిరియాల చారు పెట్టి మంచముపై నుంచెదరు. కడుపు కట్టుకొనిన పిదప ఆముదము పోయుదురు. ఇందులో ప్రతి మెట్టును ప్రేగునకు విరుద్ధమే.

కాలువ పూడియున్నపుడు చెరువు తూము పూర్తిగా ఎత్తిన నేమగును? నీరు ముందునకు పోక గట్టు తెంచును. ఆముదమును, సునాముఖియు ప్రేగును బలవంతముగా ముడిపించునవి. ప్రేగు మేల్కొనక మునుపు, లేక ఎచ్చటనైన అడ్డుపడినపుడు, అట్టి మందు ప్రాణాపాయమునకు దారితీయవచ్చును. ఎనిమాయు ఇంటియొద్ద స్వంతముగా ఈయరాదు. మలమును మెత్తపరచు మందు వలసినచో శస్త్రము చేసిన వైద్యునే అడుగవలెను. నొప్పి మందును చెప్పక మానుటయు తగదు. నొప్పియున్న రోగి నడువలేడు. మందు మార్చుటకు వీలుండునేమో వైద్యుని అడుగుడు.

చేయవలసినవి

1. నడక: వైద్యుడు లెమ్మన్న నాటినుండియే రోగిని పట్టుకొని నడిపింపుడు. ఒకేమారు దూరము పోవుటకంటె దినమునకు నాలుగైదు మారులు కొంచెము కొంచెముగా నడచుట మేలు. డెన్మార్కు దేశపు వైద్యుడు హెన్రిక్ కెలెట్ 1990ల దశకములో త్వరగా లేపి నడిపించుట, త్వరగా ఆహారమిచ్చుట, మత్తు కలిగించు నొప్పి మందులను తగ్గించుట అను పద్ధతిని రూపొందించెను. ఇప్పుడు లోకమంతట పెక్కు ఆసుపత్రులు దానినే అనుసరించుచున్నవి.

2. నీరు: వైద్యుడు అనుమతించిన పిదప గుక్కెడు గుక్కెడుగా దినమునకు సుమారు 2 లీటర్లు, పలుచని మజ్జిగతో కూడ, త్రాగింపవచ్చును. గుండెజబ్బు, మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను. సోడాలు వలదు.

3. ఆహారము: మొదట రాగిజావ, పెసరకట్టు, మెత్తని అన్నము. వాయువు పోయి ఆకలి పుట్టిన కొలది ఇడ్లీ, మెత్తని పప్పు, బీరకాయ, సొరకాయ, బొప్పాయి. గాయము మానుటకు పప్పు, గ్రుడ్డు మిక్కిలి అవసరము. సంగటి ముద్దను కడుపు తేలికపడిన పిమ్మటనే పెట్టుడు. ఉలవలు, అనపగింజలు, శెనగలు, క్యాబేజీ వాయువును పెంచును గనుక కొన్నాళ్లు ఆపుడు. ఇసబ్గోలు నీరు లేక తీసికొనిన మేలుకంటె కీడే యెక్కువ. ప్రేగునే కోసి కుట్టినవారికి ఆహారక్రమము వేరు. వారు ఆసుపత్రి చెప్పినదే తినవలెను.

4. మలవిసర్జన: ఉదయము వేడిగా జావ త్రాగిన కొంతసేపటికి ప్రేగు కదలును. ఆ వేళకే కూర్చుండుట అలవాటు చేయుడు. కుర్చీ వంటి మరుగుదొడ్డి మేలు. పాదముల క్రింద చిన్న పీట వేయుడు. ముక్కరాదు. దగ్గునపుడు, లేచునపుడు చిన్న దిండును కుట్లపై నొత్తి పట్టుకొనవలెను.

5. బరువు: బిందెలు, బస్తాలు, మోటారు సామానులు ఎత్తరాదు. సామాన్యముగా నాలుగు మొదలు ఆరు వారముల గడువు చెప్పుదురు. వైద్యుడు చెప్పిన గడువే ప్రమాణము.

ఆలస్యము చేయరాని గురుతులు

కడుపు నానాటికి ఉబ్బి బిగియుట, వాయువు సయితము పోకుండుట, మరల మరల వాంతి, ముఖ్యముగా పచ్చని వాంతి, పెరుగుచున్న నొప్పి, జ్వరము, కుట్లనుండి చీము, మలములో రక్తము. వీనిలో ఏది కనబడినను నాటుమందుతో కాలము పుచ్చక, నోటికేమియు పెట్టక, వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. రాత్రియైనను 108కు ఫోను చేయుడు. ఇతర బాధలు లేకున్నను, ఇంటికి వచ్చిన పిదప మూడు దినములు విరేచనము లేనిచో వైద్యునితో మాటలాడుడు.

సంఘము చేయగల సాయము

రైతు తొందరపడి పొలమునకు దిగుట మొండితనముచేత మాత్రమే కాదు. నీటివంతు తప్పునను దిగులుచేతను, పాలు పితుకువారు లేకను. పొరుగువారు ఒక నెల ఆ వంతు చూచి, పాలు కేంద్రమునకు చేర్చినచో, అతడు నిశ్చింతగా కోలుకొనును. పరామర్శకు పోవువారు మిఠాయి పొట్లమునకు బదులు ఒక బొప్పాయి పండు తీసికొనిపోయి, అతనితో వీధి చివరవరకు నడచిన చాలును. సహకారమనగా అప్పు మాత్రమే కాదు గదా!

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. శస్త్రచికిత్స పిదప ప్రేగు చలనము ఏల మందగించును?
2. వాయువు పోని రోగికి ఆముదము ఏల పోయరాదు?
3. మన యిండ్లలో పథ్యము పేరిట మానిపించుచున్న వానిలో ఏవి రోగికి అవసరమైనవి?
4. ఏ గురుతులు కనబడిన వెంటనే ఆసుపత్రికి పోవలెను?

చదువరులు ఈ పాఠమును చదువు రాని ఇంటి పెద్దలకును, ముఖ్యముగా రోగికి వండిపెట్టు స్త్రీలకును చదివి వినిపింప ప్రార్థన.