నక్క వస్తోందంటే ముందు కోళ్లగూడు చూడండి

ప్రశ్న: చివ్వెంల మండలంలో ఊరి చివర ఇల్లు మాది. వెనకాల చెలక, ఆ పైన గుట్ట. నెల రోజులుగా పొద్దుగూకాక ఓ నక్క దొడ్డిదాకా వస్తోంది. మొన్న గంప కింద కమ్మిన రెండు కోళ్లను ఎత్తుకుపోయింది. ఇంట్లో నాలుగేళ్ల బాబున్నాడు. మందు పెడదామని మా బావగారు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మందు మాట మరిచిపోండమ్మా, బావగారికీ చెప్పండి. అది తినేది నక్కే అని ఏముంది? పక్కింటి కుక్క తినొచ్చు, కాకి తినొచ్చు. పైగా 2023 ఏప్రిల్ నుంచి నక్క, గుంటనక్క రెండూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోకి వచ్చాయి. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా.

వచ్చేదేమిటో ఓసారి గమనించండి. పెద్ద చెవులు, సన్నని కాళ్లు, నల్లటి కొసతో కుచ్చు తోక, పిల్లి కంటే కాస్త పెద్ద ఒళ్లు ఉంటే గుంటనక్క. రెండు మూడు కిలోలే తూగుతుంది. ఊరకుక్కకు కాస్త తక్కువగా ఉండి, రాత్రిళ్లు కూడి ఊళ పెట్టేది నక్క. రెండింటికీ అసలు తిండి ఎలుకలు, మిడతలు, ఉసిళ్లు, ఎండ్రకాయలు, రేగుపండ్లు. మీ వరిగట్లను బొక్కలు చేసే ఎలుకలను తగ్గించేది అవే. కోడి సులువుగా దొరికితే మాత్రం వదలవు.

గంప మీద రాయి పెడితే చాలదు. అంచు కింద మట్టి గీకి మూతి దూరుస్తుంది. గూటికి చిన్న కన్నాల ఇనుప జాలీ కొట్టించి, అడుగున జాలీని జానెడు లోతు పాతి, బయటి వైపు మడవండి. చీకటి పడేలోపు కోళ్లను లోపల వేసి గడియ పెట్టండి. పెంటకుప్ప మీద కోడి పేగులు, ఈకలు వేయకండి. హైవే పక్కన చికెన్ వ్యర్థాలు పారబోసేవాళ్లే నక్కలను, కుక్కలను ఊళ్ల మీదికి పిలుస్తున్నారని నా అభిప్రాయం. పంచాయతీలో ఆ మాట గట్టిగా అడగండి. మనిషిని చూస్తే నక్క తప్పుకుంటుంది. అయినా బాబును చీకట్లో దొడ్లోకి ఒంటరిగా పంపకండి. వేసవి మొదట్లో బొరియల్లో పిల్లలుంటాయి, అటు పోకండి.

ప్రశ్న: పట్టపగలు పొలంలో నక్క మా నాన్న కాలు కరిచింది. చిన్న గాటే. మా పెద్దమ్మ పసరు కట్టింది. చాలా?

జవాబు: చాలదు. ఇది చదవగానే బయలుదేరండి. పసరు తీసేసి, ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. సున్నం, పసుపు, కారం ఏవీ వద్దు. సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి ఈరోజే తీసుకెళ్లి, అడవి జంతువు కరిచిందని చెప్పండి. టీకాతో పాటు గాయం చుట్టూ సీరం కూడా వేయాలి. కుక్కనైతే పది రోజులు గమనిస్తారు, నక్క విషయంలో ఆ ఎదురుచూపు పనికిరాదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. మొదటి సూదితో ఆపేయకుండా డాక్టరు రాసిచ్చిన తేదీలన్నీ పాటించాలి.

ప్రశ్న: నక్క కొమ్ము ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఒకతను వేలు అడుగుతున్నాడు. కొనొచ్చా?

జవాబు: నక్కకు కొమ్ములుండవు తమ్ముడూ. వెంట్రుకలు, తోలు కలిపి కట్టిన ముద్దను అలా అమ్ముతారు. అది నకిలీదైతే డబ్బు పోయినట్టే, నిజంగా నక్క తోలుతో చేసిందైతే దగ్గరుంచుకోవడమే నేరం. అతను మళ్లీ వస్తే అటవీశాఖ వాళ్లకు కబురు చేయండి.