మధురపూడి చెప్పిన చవక విమానం లెక్కలు

రాజమండ్రిలో టికెట్ల వ్యాపారంలోనే నా జీవితం గడిచింది. వాయుదూత్ విమానాల కాలం నుంచి మా మధురపూడి విమానాశ్రయంలో దిగిన సంస్థల్నీ, మానేసిన సంస్థల్నీ చూశాను. చవక విమాన సంస్థ పెడదామనుకునే మన కుర్రాళ్లకి నేను చెప్పే మాటలివి.

1. ముందు ఖర్చు తగ్గాలి, ఆ తర్వాతే టికెట్ ధర. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టి ఉచిత భోజనం తీసేశారు, నెట్‌లో టికెట్లు నేరుగా అమ్మారు. మా కమీషన్ పోయినా ఆ పద్ధతి సరైనదేనంటాను. రూపాయి టికెట్ సామాన్యుణ్ణి విమానం ఎక్కించింది. నష్టాలు మాత్రం తీరలేదు. 2008లో సంస్థ కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది.

2. పండగ చూసి లెక్క వేయకండి. భోగికి ముందు హైదరాబాద్ నుంచి వచ్చే విమానంలో సీటు దొరకదు. అదే విమానం తిరిగి వెళ్లేటప్పుడు సీట్లు మిగిలిపోతాయి. కనుమ దాటాక ఇది తలకిందులవుతుంది. పండగ రేటు చూసి జనం తిడతారు. వాళ్ల బాధ నిజమే, కానీ ఖాళీ సీటుకీ ఇంధనం, అద్దె, జీతాలు కట్టాల్సిందే. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో ఎన్ని సీట్లు నిండుతాయో, దాని మీద వేసిన లెక్కే నిలుస్తుంది.

3. ఇక్కడ మీకు అసలు పోటీ రైలు. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి హైదరాబాద్. అమలాపురం మనిషికి మధురపూడి దాకా కారు, శంషాబాద్‌లో మళ్లీ కారు, ఇవన్నీ టికెట్ మీద అదనం. పొద్దున్నే వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరేలా రెండు సర్వీసులు నడిపితేనే వ్యాపారస్తుడు మీ వైపు చూస్తాడు. మధ్యాహ్నం ఒక్క సర్వీసు పెడితే ఆ రోజంతా పాడే.

4. అన్నీ అద్దె విమానాలైతే చేతిలో డబ్బు ఉండాలి. విజయవాడ నుంచి 2013లో ఎయిర్ కోస్టా వచ్చినప్పుడు ఎంత మురిసిపోయామో! ఎంబ్రాయర్ జెట్లు, హాయైన సీట్లు. కానీ ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, అవీ అద్దెవి. ఒక్కటి షెడ్డులో కూర్చుంటే టైంటేబుల్ కూలిపోతుంది. 2017 ఫిబ్రవరితో ఎగరడం ఆగింది.

5. ఊరికి తగ్గ విమానం తెచ్చుకోండి. 2015 జులైలో, గోదావరి పుష్కరాల వేళ మొదలైన ట్రూజెట్ ఏటీఆర్-72 తెచ్చింది. చిన్న రన్‌వే చాలు, ఇంధనం తక్కువ, 80 సీట్లలోపు కాబట్టి ల్యాండింగ్ ఛార్జీ మినహాయింపు. 2017లో, చిన్న ఊళ్లకి విమానాలు నడిపితే రాయితీ ఇచ్చే కేంద్రం ఉడాన్ పథకం మొదటి రోజునే కడప–హైదరాబాద్ నడిపింది. ఆ సంస్థ కూడా 2022లో ఆగిపోయింది. ఉడాన్ రాయితీ మూడేళ్లకే. ఆ మూడేళ్లలో ప్రయాణికుల్ని సంపాదించుకోవాలి.

6. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లని మరవకండి. హైదరాబాద్‌లో విమానం మారే వాళ్లకి రెండు వేరు టికెట్లు అంటగడితే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోది పోతుంది. అప్పు చేసి కొన్న టికెట్ అది. పెద్ద సంస్థతో ఒప్పందం చేసుకుని, కువైట్ దాకా ఒకే టికెట్, ఒకే లగేజీ ట్యాగు ఇప్పించండి.