మామిడి నిలువకు కోతకు ముందే జాగ్రత్త

పండు ఎన్నాళ్లు నిలుచునో చాలవరకు చెట్టుమీదనే నిర్ణయమగును. వికారాబాదు, తాండూరు ప్రాంతములలో బంగినపల్లి తోటలు గల రైతులు, కాయ తొందరగా మెత్తబడినచో బేరమెట్లు పడిపోవునో ఎరుగుదురు. బేరగాడు చెప్పిన ధరకు ఒప్పుకొనక నాలుగు దినములు ఆగవలెనన్న, కాయ నిలువవలెను గదా!

కాయలోని కణములను ఒకదానితో నొకటి అంటిపెట్టునది పెక్టిన్ అను జిగురు. మాగునపుడు ఇది కరుగుటచే పండు మెత్తబడును. కాల్షియం ఈ జిగురును గట్టిపరచి, మెత్తబడుటను ఆలస్యము చేయును.

“మా చేను క్రింద నాపరాయి కలదు. అది సున్నపురాయే గదా, కాల్షియమునకు కొరతేమి?” అని తాండూరు రైతు అడుగవచ్చును. భూమిలో ఉన్నమాట నిజమే. కాని కాల్షియం వేళ్లనుండి నీటితోపాటు పైకి పోవును. నీరు ఎక్కువగా ఆవిరియగునది ఆకులనుండి. కనుక అదియు ఆకులకే చేరును. ఆకును చేరినది మరల కాయకు రాదు. వికారాబాదు ఎర్రనేలలలోను ఇంతే. కావున కాల్షియం ద్రావణము కాయమీదనే పడవలెను.

చేయవలసిన పనులు:

1. కోతకు 30 దినములు, మరల 15 దినములు ముందు, లీటరు నీటికి 10 గ్రాముల కాల్షియం నైట్రేటు కలిపి, కాయలు బాగుగా తడియునట్లు చల్లవలెను.

2. ముందుగా ఒకటి రెండు కొమ్మలపై చల్లి, ఆకు మాడలేదని చూచుకొనవలెను. ఎండవేళ చల్లరాదు.

3. సల్ఫేటు, ఫాస్ఫేటు ఎరువులతో కలుపరాదు. మడ్డి పేరుకొని మందు వృథా యగును.

4. కోతకు 15–20 దినముల ముందు నీరు కట్టుట మానవలెను.

కాల్షియం అన్నిటికి మందు కాదు. ఆంథ్రాక్నోసు అను మచ్చ తెగులు పచ్చికాయలోనే చేరి, దాగియుండి, మాగినపుడు నల్లమచ్చలుగా బయటపడును. ఎండుపుల్లలు తీసివేసి, పూతనుండియే దానిని అరికట్టవలెను. లేతకాయను, నేలబడి దెబ్బతిన్న కాయను ఏ ద్రావణమును నిలుపలేదు.

మొదటి యేడు ఒక చెట్టును చల్లకుండ విడువుడు. చల్లిన చెట్టునుండి, చల్లని చెట్టునుండి ఒకేరోజున, ఒకే పక్వమున 10 కాయల చొప్పున కోసి, ఒకే గదిలో గడ్డిపై పరచి, ఏ కాయ ఏనాడు మెత్తబడినదో వ్రాసికొనుడు. ఖర్చు గిట్టునో లేదో మీ లెక్కయే మీకు చెప్పును.