టీచర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి ఏ బట్టలు వేసుకోవాలి?



వార్షికోత్సవ సంచికకు పదిమందికి ఉపయోగపడే వ్యాసం రాయమని అడిగినప్పుడు చాలాసేపు ఆలోచించాను. కష్టపడి చదవాలని, క్రమశిక్షణతో మెలగాలని చెప్పడానికి పెద్దలు ఎందరో ఉన్నారు. నాకు ఎవరూ చెప్పని చిన్న విషయం ఒకటుంది. అది తెలియక ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాను, మా అమ్మ నెత్తిన అప్పు పెట్టాను. అందుకే దాని గురించే రాస్తున్నాను. టీచర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు ఏ బట్టలు వేసుకోవాలి?

ఇది కూడా ఒక పాఠమేనా అని నవ్వకండి. ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఉంటే ఇలాంటివి నాన్నో, మేనమామో చెబుతారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నాన్న హమాలీ, అమ్మ కూలికి పోతుంది. ఇంటర్వ్యూ అన్న మాట మా ఇంట్లోకి నాతోనే వచ్చింది. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి అని నాకు తెలుసు.

నా మొదటి ఇంటర్వ్యూ

ఎమ్మెస్సీ ఫిజిక్స్ పరీక్షలు అయిపోగానే ఒక ప్రైవేటు హైస్కూలు నుండి పిలుపు వచ్చింది. సంగతి చెప్పగానే అమ్మ, "నలుగురు పెద్ద సార్లు కూసునే కాడికి పోతున్నవ్ కొడుకా. ఆ పాత అంగీ ఏసుకొని పోతే మనల్ని ఏమనుకుంటరు?" అన్నది. మహిళా సంఘంలో 3,000 రూపాయలు అప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. మా నాన్న బస్తాలు మోస్తాడని నా బట్టలు చూసి ఎవరూ కనిపెట్టకూడదు అనుకున్నాను.

ఆ డబ్బుతో మెరిసే నల్లచొక్కా, బిగుతు ప్యాంటు, కోసుగా ఉండే బూట్లు కొన్నాను. బట్టల షాపు అన్న "పెళ్ళెవరిది తమ్ముడూ?" అని అడిగాడు. అప్పుడైనా నాకు అర్థం కాలేదు.

ఎనిమిదో తరగతికి డెమో క్లాసు చెప్పమన్నారు. పాఠం ఘర్షణ. బోర్డు మీద శీర్షిక రాద్దామని చెయ్యెత్తాను. చంక కింద కుట్టు పటపటమన్నది. ఇంక చెయ్యి పైకెత్తితే ఒట్టు! పాఠమంతా బోర్డు కింది సగంలోనే రాశాను. వెనక బెంచీ పిల్లలు లేచి నిలబడి చూశారు. నల్లచొక్కా నిండా చాక్‌పీసు పొడి. కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. పిల్లలకు ఘర్షణ గురించి చెబుతూ నా బూట్లలో ఘర్షణ నేను అనుభవించాను.

చివర్లో ప్రిన్సిపాల్ మేడం ఒకే మాట అడిగారు. "సబ్జెక్టు బాగా వచ్చు బాబూ, కానీ బోర్డు పై సగం ఎందుకు ఖాళీగా వదిలేశావు?" ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాను. ఉద్యోగం రాలేదు. అప్పు వాయిదాలు మాత్రం అమ్మ పది నెలలు కట్టింది. ఆ చొక్కా మళ్ళీ నేను వేసుకోలేదు.

ఇంటర్వ్యూ ఎక్కడ ఉంటుంది?

ముందుగా ఈ సంగతి తెలుసుకోండి. డీఎస్సీ ద్వారా జరిగే టీచర్ల ఎంపికలో ఇంటర్వ్యూ ఉండదు. 2024 తెలంగాణ డీఎస్సీలోనూ, 2025 ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలోనూ టెట్ అవసరమైన పోస్టులకు రాత పరీక్షకు 80 శాతం, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఇచ్చారు. అక్కడ మీ చొక్కా ఎవరూ చూడరు. ప్రైవేటు స్కూళ్ళలో, జూనియర్ కాలేజీల్లో మాత్రం డెమో క్లాసు, ఇంటర్వ్యూ మామూలే. కేంద్రీయ విద్యాలయాల్లో టీచర్ పోస్టులకు 2022 డిసెంబరులో ఇచ్చిన ప్రకటనలో డెమో టీచింగ్‌కు 30 మార్కులు, ఇంటర్వ్యూకు 30 మార్కులు కేటాయించారు. అంటే మన పాఠాన్ని పెద్దలు కళ్ళారా చూసే రోజు ఒకటి వస్తుంది. బట్టల సంగతి ఆ రోజు కోసమే.

చాక్‌పీసు పరీక్ష

ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళేవాడు కుర్చీలో కూర్చుని జవాబులు చెబితే చాలు. టీచర్ అలా కాదు. నిలబడాలి, నడవాలి, వంగాలి, చెయ్యెత్తి రాయాలి. కాబట్టి అద్దం ముందు నిలబడి అందంగా ఉన్నామా అని చూసుకుంటే సరిపోదు. బట్టలు వేసుకుని ఈ నాలుగు పనులు చేసి చూడండి.

1. గోడ దగ్గర నిలబడి చేయి అందినంత ఎత్తులో రాస్తున్నట్టు చేయండి. చంక పట్టేయకూడదు, చొక్కా ప్యాంటులోంచి బయటికి రాకూడదు, జాకెట్టు పైకి లేవకూడదు.

2. కింద పడ్డ చాక్‌పీసును వంగి తీయండి. ప్యాంటు బిగుసుకోకూడదు, కొంగు జారకూడదు.

3. కుర్చీలో కూర్చుని లేవండి. చిన్న తరగతులకు చెప్పేవాళ్ళయితే పిల్లల పక్కన నేల మీద కూడా కూర్చుని చూడండి.

4. అవే చెప్పులు లేదా బూట్లతో గదిలో పావుగంట నడవండి. పాదం నొప్పి పెడితే అవి ఆ రోజుకి పనికిరావు.

ఈ పరీక్షలో పాసైన బట్టలు పాతవైనా మంచివే. ఫెయిలైతే ఎంత ఖరీదైనవైనా పక్కన పెట్టండి.

రంగు, గుడ్డ

లేత రంగు, సాదా గుడ్డ లేదా సన్నని గీతల గుడ్డ అయితే మేలు. నలుపు, ముదురు నీలం రంగుల మీద చాక్‌పీసు పొడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బూడిద రంగు మీద చెమట మరకలు తెలుస్తాయి. తెల్లచొక్కా పల్చగా ఉంటే లోపలి బనియన్ కనబడుతుంది, చూసుకోండి. మెరిసే గుడ్డ, పెద్ద పెద్ద అక్షరాలున్న చొక్కా వద్దు. పిల్లలు పాఠం వదిలేసి వాటినే చూస్తారు.

తమ్ముళ్ళకు

ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ముదురు రంగు ప్యాంటు, టక్ చేసి బెల్టు. జేబులో ఒక్క పెన్ను చాలు, సెల్‌ఫోన్ వద్దు. బూట్లు లేకపోతే కంగారుపడి కొనవద్దు. శుభ్రంగా తుడిచిన సాండిల్స్ నయం. జుట్టు, గడ్డం, గోళ్ళు రెండు రోజుల ముందే చూసుకోండి.

చెల్లెళ్ళకు

ఈ భాగం మా క్లాస్‌మేట్ అక్క ఒకరిని అడిగి రాస్తున్నాను. ఆమె కూడా సాంఘిక సంక్షేమ హాస్టల్‌లోనే చదువుకున్నది, ఇప్పుడు టీచర్.

చీరా, చుడీదారా అన్నది ముందు రోజే స్కూలు ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. "మీ స్కూల్లో మేడమ్‌లు ఏం కట్టుకుంటారండీ?" అని అడగడంలో తప్పు లేదు. కేరళలో 2021లో ప్రభుత్వమే టీచర్లకు చీర తప్పనిసరి కాదని ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర చాలా ప్రైవేటు స్కూళ్ళు చీరే కోరుకుంటాయి.

చీర అలవాటు లేకపోతే ఇంటర్వ్యూ రోజే మొదటిసారి కట్టుకోవద్దు. వారం ముందు నుండి రెండు మూడుసార్లు కట్టుకుని మెట్లెక్కి దిగండి. ఆ రోజు వేసుకునే చెప్పులతోనే కుచ్చిళ్ళ ఎత్తు సరిచూసుకోండి. పట్టుచీర కన్నా కాటన్ గానీ కాటన్ కలిసినది గానీ బాగా నిలుస్తుంది. కొంగు మడతలు పెట్టి భుజం దగ్గర పిన్నీసు పెట్టండి. చుడీదార్ అయితే చున్నీకి రెండువైపులా పిన్నీసులు. గలగలలాడే గాజులు, మువ్వల పట్టీలు ఆ ఒక్క గంట తీసి పెట్టండి.

ముందు రోజు చేయాల్సినవి

గుండీలు, జిప్పు, కుట్లు చూసుకోండి. సూది, దారం మన ట్రంకు పెట్టెలో ఉండనే ఉంటాయి. ఇస్త్రీకి పది, పదిహేను రూపాయలు ఖర్చు పెట్టండి. అదీ లేకపోతే ప్యాంటు మడతపెట్టి పరుపు కింద పెట్టుకుని పడుకునే విద్య మన హాస్టల్ వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. దూరం నుండి బస్సులో వెళ్ళేవాళ్ళు ఇస్త్రీ చొక్కాను కవర్లో పెట్టుకెళ్ళి అక్కడ దిగాక మార్చుకోండి. అరగంట ముందే చేరి, ముఖం కడుక్కుని, చెప్పుల దుమ్ము తుడుచుకుని లోపలికి వెళ్ళండి. సంచిలో రెండు పిన్నీసులు, చేతిరుమాలు ఉంచుకోండి.

స్నేహితుల బట్టలు అడిగి వేసుకోవడం తప్పు కాదు. కాకపోతే చాక్‌పీసు పరీక్ష మాత్రం ముందే పెట్టండి. అప్పు చేసి కొనడం మాత్రం వద్దే వద్దు.

రెండో ఇంటర్వ్యూ

రెండోసారి నేను డిగ్రీలో కుట్టించుకున్న లేత నీలం చొక్కా వేసుకున్నాను. ఉతికి, ఇస్త్రీ చేయించాను, అంతే. బోర్డు పైఅంచు నుండి రాశాను. పాఠం చెబుతున్నంతసేపు నా ఒంటి మీద ఏముందో నాకే గుర్తు లేదు. తర్వాత కరస్పాండెంట్ గారు "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగారు. ఈసారి తల దించుకోలేదు. "హమాలీ అండి, బస్తాలు మోస్తారు" అన్నాను. "అయితే వాలుతలం పిల్లలకు ఎలా చెబుతావు?" అన్నారు. నాన్నవాళ్ళు లారీలోకి బస్తాలు ఎక్కించడానికి వేసే వాలుచెక్క బొమ్మ గీశాను. నిటారుగా ఎత్తడం కన్నా చెక్క మీదుగా నడిచి ఎక్కితే తక్కువ బలం చాలుతుందని, అయితే ఎక్కువ దూరం నడవాల్సి వస్తుందని చెప్పాను. ఇప్పుడు ఆ స్కూల్లోనే పనిచేస్తున్నాను. మొదటిసారి నేను దాచాలనుకున్నదే రెండోసారి నాకు పాఠమై అక్కరకు వచ్చింది.

పెద్దలను తలుచుకుందాం

1848లో పూణేలో జ్యోతిరావు ఫూలేతో కలిసి ఆడపిల్లలకు బడి పెట్టిన సావిత్రీబాయి ఫూలే పాఠం చెప్పడానికి వెళ్తుంటే దారిలో బురద, పేడ విసిరేవారు. అందుకని ఆమె మరో చీర వెంట తీసుకెళ్ళి, బడికి చేరాక మార్చుకునేది. ఆ రెండో చీర ఆడంబరం కోసం కాదు, పాఠం ఆగకూడదని. 1927 డిసెంబరులో మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ మన స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానివాళ్ళని గుర్తుపట్టేలా చీర కట్టే పద్ధతి మానుకోమని, శుభ్రంగా ఉండమని చెప్పారు. బట్టల సంగతి మనకు చిన్నది కాదని ఆ ఇద్దరికీ తెలుసు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనం ఎక్కడి నుండి వచ్చామో దాచడానికి బట్టలు వేసుకోవద్దు. శుభ్రంగా, ఒంటికి సరిపడా వేసుకుని, వాటి సంగతి మరిచిపోయి పాఠం చెప్పండి. బోర్డు పై సగం కూడా మనదే.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ఫిజిక్స్