పాదసేవ – పరదేశవాసము

ఏలూరు, తాడేపల్లిగూడెం సీమలనుండి విదేశములకేగినవారిని తొలినాళ్లలో బాధించు సందేహ మొకటి కలదు. గోదావరీజలము, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర లేనిచోట నిత్యానుష్ఠాన మెట్లు సాగును?

దీనికి సమాధానము ద్వారకాతిరుమల గర్భాలయమందే కలదు. అచట స్వయంభూమూర్తికి ఊర్ధ్వభాగమే గోచరించును. పాదములు పుట్టలో మరుగుపడియున్నవి. పాదసేవకు నోచని భక్తులకై శ్రీరామానుజులు వెనుక సంపూర్ణమూర్తిని ప్రతిష్ఠించిరని సంప్రదాయము. మూలము కదలలేదు, సేవ ఆగలేదు.

ప్రవాసికిని ఇదియే మార్గము. పుట్టిననేల కానరాని పాదము; నిలిచినచోటి విధి చేతికందు పాదము. సంకల్పమున దేశకాలములను ఉచ్చరించుట తానెచట నున్నాడో ఎరుగుటకే. తిథినిగూడ అచ్చటి సూర్యోదయమునుబట్టియే గ్రహింపవలెను. స్వామియు 1977లో అమెరికాలోని పిట్స్‌బర్గున కొలువుదీరెను. ఆలయము దూరమైననాడు ఇంట దీపము వెలిగించి, చేయు పనిని అర్చనగా తలచినచో పరదేశమును స్వామి సన్నిధియే యగును.