ముందు ప్రశ్న తేలాలి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని కాపెల్‌లో ఉంటాం. మా అమ్మాయి పదకొండో తరగతి. స్కూలు రీసెర్చ్ ప్రాజెక్టుకి 'ఇక్కడి పిల్లలు, ఇంట్లో తెలుగు' అన్న అంశం తీసుకుంది. ఇది ఏ రకం పరిశోధనో చెప్పలేకపోతోంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి దగ్గరున్నది అంశమే. అది ప్రశ్నగా మారితే రకం దానంతటదే తేలుతుంది. 'పిల్లలు రోజుకి ఎంతసేపు తెలుగు మాట్లాడుతున్నారు?' అంటే లెక్కలు కావాలి. చాలా ఇళ్లలో ఒకే ప్రశ్నపత్రం నింపించాలి. ఇది సంఖ్యాత్మక పరిశోధన. 'తెలుగు అర్థమైనా ఇంగ్లిష్‌లోనే ఎందుకు జవాబిస్తున్నారు?' అంటే అయిదారుగురితో తీరిగ్గా మాట్లాడాలి. ఇది గుణాత్మకం. నా ఓటు రెండోదానికే. తెలిసినవాళ్ల ఇళ్లలో తీసిన లెక్క ఊరంతటికీ వర్తించదు మరి!

మౌలికం (తెలుసుకోవడం కోసమే చేసేది), అనువర్తితం (ఒక అవసరం తీర్చడానికి చేసేది) అనేది వేరే విభజన. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ని కనుక్కోవడం మౌలికం. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం బోదకాలుకి హెట్రజాన్ మందు తేవడం అనువర్తితం. మీ అమ్మాయి ఫలితాలతో తెలుగు బడికి పాఠాలు మార్చాలనుకుంటే అది అనువర్తితం వైపు వస్తుంది.

ఈ వారం ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయించండి. ఇదే విషయంపై వచ్చిన పాత అధ్యయనాలు వెతకడానికి మీ ఊరి కాజ్బీ లైబ్రరీ సిబ్బందిని అడగండి. పిల్లల్ని అడగబోయే ప్రశ్నలను ముందు ఇద్దరు స్నేహితుల మీద పరీక్షించి, అర్థంకానివి మార్చమనండి.

మైనర్లను ప్రశ్నించాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి, స్కూలు అనుమతి ముందే తీసుకోవాలి. ప్రశ్నలు ఆదాయం, వీసా, మానసిక ఆరోగ్యం జోలికి వెళ్తే ఒక్కరినీ అడగకముందే గైడ్ టీచర్‌ని నేరుగా కలవండి.